రూపమున్నది, నామమెక్కడ?

మన వేదాంతులు లోకాన్నంతటినీ రెండు మాటలలో ఇమిడ్చినారు: నామము, రూపము. కంటికి కనిపించేది రూపం, నోటితో పిలుచుకొనేది నామం. ఏదైనా సమూలంగా నశించినప్పుడు "నామరూపాలు లేకుండా పోయింది" అని చదువురాని వారు సైతం అంటారు. అక్కడ కూడా ఆ రెండూ జంటగానే పోవుచున్నవి. ఈ జంట విడిపోయి, రూపం మాత్రం పదిలంగా నిలిచి, నామం రాలిపోయిన వింత ఒకటి పందొమ్మిదవ శతాబ్దంలో జరిగినది. ఆనాటి సంపన్న యాత్రికులు దేశదేశాలలో కొని ఇంటికి తీసుకొనిపోయిన ఛాయాచిత్రాల ఆల్బంలే అందుకు సాక్ష్యం. మిత్రులారా, ఈనాటి ముచ్చట వాటిని గురించి.

చూచిన చోటును ఇంటికి మోసుకొనిపోవాలనే కోరిక ఛాయాచిత్రంతో పుట్టినది కాదు. పద్దెనిమిదవ శతాబ్దంలో ఇంగ్లండు ప్రభువుల బిడ్డలు చదువు ముగిసిన పిమ్మట ఇటలీ యాత్ర చేసి, వెనిస్‌లో కానలెట్టో చిత్రాలను, రోములో పిరనేసీ చెక్కిన శిథిలాల ముద్రణలను కొనుక్కొని వెళ్ళేవారు. 1839లో పారిస్‌లో డగేర్, ఇంగ్లండులో టాల్బట్ తమతమ ఛాయాచిత్ర పద్ధతులను లోకానికి వెల్లడించినారు. డగేర్ పద్ధతిలో ఒక రేకు మీద ఒకే చిత్రం, దానికి ప్రతులు లేవు. 1850లో బ్లాంకార్ ఎవ్రార్ అనే ఫ్రెంచివాడు గ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని, 1851లో ఆర్చర్ అనే ఆంగ్లేయుడు గాజు పలక మీద కొలోడియన్ పూసే విధానాన్ని ప్రకటించినారు. ఈ రెండూ కలిసిన తరువాతనే ఒక్క గాజు పలకనుండి వందల ప్రతులు తీసి అమ్మే వర్తకం సాధ్యమైనది.

తెల్లసొన అనగానే నవ్వు రావచ్చును గాని, లెక్క చూస్తే నవ్వు ఆగిపోతుంది. జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో ఒక కర్మాగారం 1888 అనే ఒక్క సంవత్సరంలో ఈ కాగితం చేయుటకు వాడిన గ్రుడ్లు అరవై లక్షలకు పైమాటే. ఆ సొనలో ఉప్పు కలిపి కాగితానికి పూసి, సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో తడిపి, ఆరబెట్టి, గాజు నెగటివ్ క్రింద పెట్టి ఎండలో ఉంచేవారు. సూర్యుడే ముద్రాపకుడు. చిత్రాన్ని పెద్దది చేసే పని లేదు, పలక ఎంత ఉంటే చిత్రమూ అంతే. పెద్ద చిత్రం కావలెనంటే పెద్ద గాజు పలకనే కొండలమీదికి మోయవలసినదే.

మోసినది ఎవరు? శామ్యూల్ బోర్న్ అనే ఆంగ్లేయుడు 1863లో మన దేశానికి వచ్చి, ఆ జూలైలో సిమ్లానుండి హిమాలయాలలోకి బయలుదేరినప్పుడు వెంట నడిచిన కూలీలు సుమారు 30 మంది. గాజు పలకలు, రసాయనాలు, చీకటి గుడారం అన్నీ వారి వీపులమీదనే. పలకకు పూసిన కొలోడియన్ తడి ఆరకముందే చిత్రం తీసి అక్కడికక్కడే కడగవలెను కనుక, చీకటి గదిని కూడా మోసుకొనిపోక తప్పదు. ఆ యాత్రలో 147 నెగటివ్‌లు వచ్చినవి. 1866లో మూడవసారి వెళ్ళినప్పుడు కూలీలు 80 మంది. 18,600 అడుగుల ఎత్తున ఉన్న మానిరంగ్ కనుమ వద్ద చిత్రాలు తీసి, అంత ఎత్తులో ఛాయాచిత్రం తీసినవాడుగా బోర్న్ ప్రసిద్ధుడైనాడు. ఆయన పేరు పెట్టిన బోర్న్ అండ్ షెపర్డ్ దుకాణం కలకత్తాలో 2016 వరకు నడిచినది. 1991లో జరిగిన అగ్నిప్రమాదంలో అక్కడి పాత నెగటివ్‌లు కాలిపోయినవి గాని, యాత్రికులు కొన్న ప్రతులు లోకమంతటా మిగిలి ఉన్నవి. ఆ ఎనభై మందిలో ఒక్కని పేరైనా చిత్రాల క్రింద లేదు.

కొనేవారు ఎవరంటే, ఆవిరి ఓడలు, రైళ్ళు వచ్చిన తరువాత తీరికా ధనమూ రెండూ గల ఐరోపా, అమెరికా వాసులు. 1869లో సూయెజ్ కాలువ తెరుచుకొన్నది. ఆ ఏడే థామస్ కుక్ తన యాత్రికులను ఈజిప్టు, పాలస్తీనాలకు నడిపించినాడు. 1872లో భూప్రదక్షిణ యాత్రకూ తీసుకొనిపోయినాడు. యాత్రికుడు దిగిన ప్రతి పెద్ద రేవులోనూ ఒక ఛాయాచిత్రాల దుకాణం సిద్ధంగా ఉండేది. ఫెలిక్స్ బోన్‌ఫిస్ అనే ఫ్రెంచివాడు 1867లో కుటుంబంతో బీరూట్ చేరి దుకాణం పెట్టినాడు. నాలుగేళ్ళకే, 1871లో, తనవద్ద 591 నెగటివ్‌లు, 15,000 ప్రతులు ఉన్నవని పారిస్‌లోని ఛాయాచిత్రకారుల సంఘానికి తెలిపినాడు.

దుకాణంలో పట్టిక ఉండేది. ప్రతి చిత్రానికీ ఒక సంఖ్య. యాత్రికుడు పట్టిక చూచి సంఖ్యలు చెప్పితే చాలు, ప్రతులు సిద్ధమయ్యేవి. కొందరు విడి చిత్రాలు కొని ఇంటికి పోయి తీరికగా అంటించుకొనేవారు. కొందరు అక్కడే తోలు అట్టతో బైండు చేయించుకొనేవారు. జపానులోని యొకొహామాలో ఈ పని మరీ సొగసుగా సాగినది. 1863లో అక్కడ స్థిరపడిన ఫెలిచె బియాతో, ఆ పిమ్మట కుసకబె కింబె వంటి జపానీయులు ఒక్కొక్క ప్రతికీ చేతితో రంగులు వేయించి, లక్క పూత పూసిన అట్టల మధ్య కూర్చి అమ్మేవారు.

ఒక కొనుగోలుదారును చూద్దాము. బోస్టన్ నగరవాసి ఇసబెల్లా స్టీవర్ట్ గార్డ్నర్ 1874లో ఈజిప్టుకు, 1883, 84 సంవత్సరాలలో జపాను, చైనా, కంబోడియా, మన దేశాల మీదుగా భూప్రదక్షిణకు బయలుదేరినది. కొన్న చిత్రాలను తానే అంటించి, ప్రక్కన ఎండిన పువ్వులూ ఆకులూ చేర్చి, ఊళ్ళ పేర్లు వ్రాసుకొన్నది. బోస్టన్‌లో 1903లో ఆమె తెరచిన ప్రదర్శనశాలలో ఆ ఆల్బంలు నేటికీ ఉన్నవి. చిత్రం అంగడి సరుకే అయినా, ఆ పువ్వు మాత్రం ఆమె స్వయంగా వంగి కోసినది. ఆల్బంలో యాత్రికుని స్వంతమైనది ఆ కూర్పు ఒక్కటే.

ఇక ఆ పుటలలో ఉన్నదేమిటి? సగం కట్టడాలు, లోయలు, నదులు. తక్కిన సగం మనుషులు. కట్టడానికి పేరున్నది, ఊరున్నది. మనిషి క్రింద మాత్రం "నీళ్ళు మోసేవాడు", "నాట్యకత్తె", "బెత్లెహేము స్త్రీ" అని జాతివాచకమే. వ్యాకరణం చదివినవారికి ఇది కొట్టవచ్చినట్లు కనబడుతుంది: కట్టడాలన్నీ సంజ్ఞావాచకాలు, మనుషులందరూ జాతివాచకాలు! పోనీ ఆ జాతివాచకమైనా నమ్మదగినదా అంటే, అదీ లేదు. దుకాణపు గదిలో తెర కట్టి, కూలికి పిలిచిన వారికి వేషం వేయించి తీసిన చిత్రాలు అనేకం. చిత్రం తీసినవారి పేరైనా తిన్నగా తెలియదు. బోన్‌ఫిస్ అనే ముద్ర క్రింద ఫెలిక్స్ తీసినవెన్ని, భార్య లీడీ తీసినవెన్ని, కుమారుడు ఆద్రియాఁ తీసినవెన్ని అని విడదీయుట పరిశోధకులకే కష్టమగుచున్నది.

ఇది సంపన్నుల వేడుక మాత్రమే కదా, ఇందులో నష్టమేమి అని అడగవచ్చును. మన దేశంలో జరిగినది వినండి. గవర్నరు జనరలు కానింగ్ ప్రభువు, ఆయన సతి షార్లెట్, స్వదేశానికి మరలిపోయేటప్పుడు ఇక్కడి జనజీవితానికి గుర్తుగా కొన్ని చిత్రాలు తీసుకొనిపోవాలని కోరుకొన్నారు. కేవలం ఇంటి ఆల్బం కొరకు. 1857 తిరుగుబాటు తరువాత పాలకులకు ప్రజలను "గుర్తుపట్టే" అవసరం కలిగినది. ఆ సేకరణ సర్కారు పనిగా మారి, 1868 నుండి 1875 వరకు "ది పీపుల్ ఆఫ్ ఇండియా" అనే ఎనిమిది సంపుటాలుగా వెలువడినది. అందులో ఫలానా కులం ఇట్టిది, ఫలానా తెగ నమ్మదగనిది అన్న తీర్పులు చిత్రాల ప్రక్కనే అచ్చయినవి. పేరు లేని మనిషిని గురించి ఏమి వ్రాసినా కాదనేవాడు లేడు. కోరుకొన్న దంపతులకు మాత్రం ఆ ఆల్బం ముచ్చట తీరలేదు. షార్లెట్ 1861లో కలకత్తాలోనే జ్వరంతో మరణించినది. మరుసటి ఏడు ఇంగ్లండు చేరిన కొద్దికాలానికే కానింగ్ కూడా గతించినాడు.

అన్నీ తెల్లవారి కళ్ళే అనుకొనరాదు. మీరట్ దగ్గరి సర్ధానాలో 1844లో పుట్టిన లాలా దీన్ దయాళ్, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై సికిందరాబాదులో చిత్రశాల నెలకొల్పినాడు. రాణివాసపు స్త్రీల కొరకు 1892లో స్త్రీలే నడిపే శాలను కూడా పెట్టినాడు. "నిజాం రాజ్య దృశ్యాలు" అనే ఆయన 1892నాటి ఆల్బం కర్జన్ ప్రభువు సేకరణలో చేరి నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. 1893లో భూప్రదక్షిణ చేస్తూ హైదరాబాదు వచ్చిన ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ను, వేటలో పడిన పులితో సహా చిత్రించినదీ దీన్ దయాళే. 1914లో సారయేవోలో ఆ యువరాజు హత్యతో ప్రపంచయుద్ధం రగిలినది కనుక ఆయన పేరు లోకానికంతటికీ తెలుసు. పొదలు కొట్టి పులిని తుపాకి ముందుకు తోలినవారి పేర్లు ఆ చిత్రం చెప్పదు. అయినా దీన్ దయాళ్‌కు మనం ఋణపడి ఉన్నాము. 1905లో ఆయన కన్నుమూసినాడు, 1908లో మూసీ వరద వచ్చినది. వరదకు ముందటి హైదరాబాదును నేడు మనం చూడగలుగుతున్నామంటే అట్టి చిత్రాల చలువే. రూపాన్ని నిలిపినందుకు ఈ ఆల్బంలను తూలనాడలేము.

1888లో ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరాను తెచ్చినాడు. యాత్రికుడు తన చిత్రం తానే తీసుకొనసాగినాడు. ఆ పిమ్మట బొమ్మల కార్డులు వచ్చినవి. దుకాణాల వర్తకం క్రమంగా సన్నగిల్లినది.

దీనికి ఎదురుగా మన ఏనుగుల వీరాస్వామయ్యగారిని నిలిపి చూడండి. ఆయనా సంపన్న యాత్రికుడే. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగి. 1830 మే నెలలో పెద్ద పరివారంతో బయలుదేరి కాశీకి పోయి, మరుసటి ఏడు సెప్టెంబరుకు తిరిగివచ్చినారు. మజిలీ మజిలీకి ఊరి పేరు, అక్కడి దారి, నీటి వసతి, అంగళ్ళు అన్నీ వ్రాసిపెట్టినారు. "కాశీయాత్ర చరిత్ర" 1838లో అచ్చయినది. మరుసటి సంవత్సరమే ఛాయాచిత్రం పుట్టినది! ఆయన పుస్తకంలో ఒక్క బొమ్మ లేదు, అయినా ఆ త్రోవలోని చిన్న ఊరును సైతం పేరుపెట్టి వెదుక్కొనవచ్చును. నామం ఉంటే రూపాన్ని ఊహించుకొనగలము. రూపం ఉన్నంత మాత్రాన నామాన్ని ఊహించలేము.

బడిలో ఏటా తీయించే గ్రూపు ఫొటోలను నేను ముప్పై ఏళ్ళకు పైగా చూచినాను. ప్రధానోపాధ్యాయుని మొదలు చివరి వరుస పిల్లవాని వరకు పేర్లు క్రింద అచ్చయ్యేవి. అంచున నిలిచిన, గంట కొట్టే మనిషికి "అటెండరు" అని ఉండేది. బోన్‌ఫిస్ పట్టికకూ దానికీ భేదమేమి? నేటి డిజిటల్ కెమెరా అయితే మనకందరికీ సంఖ్యలే వేయుచున్నది. మీ కంప్యూటరులో "డీఎస్‌సీ 0417" అని ఉన్న బొమ్మలో ఉన్నది ఎవరో యాభై ఏళ్ళ తరువాత ఎవరు చెప్పగలరు?

ఇంటిలో పెద్దలు ఉండగానే పాత ఆల్బం వారి ఒడిలో పెట్టి అడగండి. చిత్రం వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరం వ్రాయండి. పెండ్లిపందిరి వెనుక వంటపాత్రల ప్రక్కన నిలుచున్న మనిషి పేరు కూడా అడగండి. బహుశా మీ అమ్మమ్మకు జ్ఞాపకం ఉండవచ్చును.