సత్యభామ వేషం: గోదావరి డెల్టాలో పాత్రధారణ హక్కు - లింగవివక్ష

కీలకపదాలు: భామాకలాపం, కళావంతులు, స్త్రీ పాత్రధారణ, దేవదాసీ చట్టం, లింగవివక్ష

1. ఉపోద్ఘాతం

నాడు స్త్రీలు రంగస్థలం మీదికి రాలేదు కాబట్టి పురుషులే స్త్రీ పాత్రలు ధరించవలసి వచ్చిందని తెలుగు నాటక చరిత్రలో తరచుగా వినిపించే వివరణ. గోదావరి డెల్టా చరిత్ర దీనిని సమర్థించదు. ఇక్కడ కళావంతుల స్త్రీలు తరతరాలుగా సత్యభామ వేషం కట్టారు. ఆ వేషం వారికి ఎలా దూరమైందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. కళావంతుల భామాకలాపం

కృష్ణా జిల్లా కూచిపూడిలో భామాకలాపం బ్రాహ్మణ పురుషుల ప్రదర్శన. గోదావరి ప్రాంతంలో అదే కథను స్త్రీలు ఆడారు. మురమండ, మండపేట వంటి ఊళ్లలోని కళావంతులు కలాపంతోపాటు పదాలు, జావళీలు అభినయించేవారు. డెల్టా అంచునున్న పిఠాపురంలో, కుంతీమాధవస్వామి ఆలయంలో నవజనార్దన పారిజాతం తొమ్మిది రాత్రులు సాగేది. అందుకు సంగీత, సాహిత్య, అభినయాలలో దీర్ఘకాల శిక్షణ అవసరం.

3. సంస్కరణ - నాటకం

కందుకూరి వీరేశలింగం 1874లో స్థాపించిన 'వివేకవర్ధని' ద్వారా వేశ్యావ్యవస్థను, భోగంమేళాలను ఖండించారు. 1880లో రాజమహేంద్రవరంలో తన విద్యార్థులచేత నాటకం ఆడించారు. ఆనాటి విద్యార్థి నాటకాలలో స్త్రీ వేషాలు బాలురవే. టంగుటూరి ప్రకాశం సైతం విద్యార్థి దశలో స్త్రీ పాత్రలు ధరించారు. ఈ విధంగా ఒకే పట్టణంలో స్త్రీల మేళం నింద్యమైంది, పురుషుల నాటకం గౌరవప్రదమైంది. దేవదాసీ వ్యవస్థలో బాలికలు దోపిడికి గురైన మాట వాస్తవమే. అందువల్ల సంస్కర్తల ఆవేదనను తక్కువ చేయలేము. అయితే దోపిడిని నిరోధించడం, కళను నిషేధించడం వేర్వేరు చర్యలు.

4. చట్టం - గౌరవం

1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం ఈ రెండింటినీ కలిపివేసింది. బాలికలను దేవునికి అంకితం చేయడంతోపాటు, ఆలయ ప్రాంగణాలలో, ఊరేగింపులలో స్త్రీ నృత్యం చేయడాన్ని కూడా చట్టవిరుద్ధంగా ప్రకటించింది. నిషేధం నృత్యానికి కాదు, స్త్రీ చేసే నృత్యానికి. అదే ఆలయంలో పురుషుడు సత్యభామగా ఆడితే ఆ నిబంధన వర్తించదు. 1956లో ఆంధ్ర ప్రాంతంలో వచ్చిన సవరణ ఈ నిషేధాన్ని వివాహాది వేడుకలకూ విస్తరించింది. అదే ఏడాది, 'శ్రీకృష్ణ తులాభారం' నాటకంలో సత్యభామగా ప్రసిద్ధులైన స్థానం నరసింహారావుకు పద్మశ్రీ లభించింది. 1970లో కూచిపూడి సత్యభామ వేదాంతం సత్యనారాయణ శర్మకూ ఆ పురస్కారం దక్కింది. వారి ప్రతిభ నిస్సందేహం. కానీ అదే పాత్ర కళావంతుల స్త్రీకి కళంకాన్ని, పురుషుడికి కీర్తిని తెచ్చింది.

5. పునరుద్ధరణ

నటరాజ రామకృష్ణ పిఠాపురం కళాకారిణి పెండేల సత్యభామ వంటి వారి సహకారంతో నవజనార్దనాన్ని పునరుద్ధరించారు. ఆ సంప్రదాయంలో సత్యభామగా విశేష ఖ్యాతి పొందినది వారి శిష్యుడు కళాకృష్ణ. విద్య నిలిచింది కానీ, దానిని కాపాడిన కుటుంబాల స్త్రీలలో అధికసంఖ్యాకులకు వేదిక తిరిగి దక్కలేదు.

6. ముగింపు

పురుషుడు స్త్రీ పాత్ర ధరించడం తప్పు కాదు. ఏ పాత్రనైనా ఎవరైనా ధరించగలగడమే కళకు మేలు. ఆ స్వేచ్ఛ ఇరుపక్షాలకూ సమానంగా ఉన్నదా అన్నదే ప్రశ్న. కాబట్టి స్త్రీ పాత్రధారుల చరిత్రను రాసేవారు వేషం కట్టినవారి జాబితాతో ఆగిపోకూడదు. అదే కాలంలో, అదే ప్రాంతంలో, ఆ వేషం కట్టే హక్కును ఎవరు కోల్పోయారో కూడా నమోదు చేయాలి.