ఓనమాలకు ఎదురుపాట

ఐవారు పలక మీద బలపంతో రాసిస్తారు. పిల్లాడు దాని మీదే దిద్దుతాడు. దిద్దీ దిద్దీ గీత లావెక్కి, బఠాణీ గింజంత సున్నా ఉసిరికాయంత అవుతుంది. చేయి ఆడుతున్నంతసేపూ నోరూ ఆడాలి: ఓ, న, మః, శి, వా, యః, సి, ద్ధం, న, మః. (మా వైపు పంతులును సీమవాళ్లలా 'ఐవారు' అనే అంటారు. 1970 దాకా గిద్దలూరు, మార్కాపురం కర్నూలు జిల్లావే కదా.)

అర్థం ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. 'ఓం నమః' అన్న మొదటి ముక్కకు 'లు' తగిలించి మనవాళ్లు 'ఓనమాలు' చేసుకున్నారు. మొక్కు కాస్తా అక్షరాలకు పేరైంది, ఆ తర్వాత ఏ విద్యకైనా తొలిమెట్టుకు పేరైంది. 'వాడికి సేద్యంలో ఓనమాలు రావు' అంటే తిట్టినట్టే.

నన్ను ఆపేది శివుడు కాదు, ఆయన వెనకాల నిలబడ్డ 'సిద్ధం'. ఉత్తరాది బళ్లలో శివుడు లేకుండానే 'ఓనామాసీధం' అని మొదలెట్టేవారు. 'ఓం నమః సిద్ధం' నోళ్లలో నలిగిన రూపం అది. జైనులు దీన్ని సిద్ధులకు మొక్కుగా చెబుతారు. కాతంత్ర వ్యాకరణం తెరుచుకునేదీ ఈ 'సిద్ధ' మాటతోనే: అక్షరాల వరస సిద్ధంగా ఉంది, నేర్చుకోవడమే తరువాయి అన్నట్టు. ఇదే మాట బౌద్ధం వెంట చైనా మీదుగా జపాన్ చేరి 'షిత్తన్' అనే లిపికి పేరైంది. 806లో చైనా నుంచి తిరిగొచ్చిన కూకాయ్ అనే భిక్షువు ఈ లిపిలోని గ్రంథాలు వెంట తెచ్చుకున్నాడు. జపాన్ పిల్లలు ఇప్పటికీ చదివే అ, ఇ, ఉ, ఎ, ఒ, ఆపైన క, స, త, న వరస షిత్తన్ చదువు పెట్టిన భిక్షే.

వాళ్ల పాత ఓనమాలు 'ఇరోహా'. ప్రతి అక్షరమూ ఒక్కసారే వచ్చేలా అల్లిన పద్యం. దాని మొదటి మూడక్షరాలే దాని పేరు. ఆ పేరుకూ తొలిమెట్టు అనే అర్థం ఉంది. ఇంతవరకు వాళ్లూ మనమూ ఒకటే. అయితే ఆ పద్యం చెప్పేది పూసిన పువ్వు రాలక తప్పదని. బడిలో చేరే పిల్లాడి నోట్లో వెళ్లిపోయే రోజును ముందే పెట్టేశారు.

బడి వదిలి వెళ్లే రోజుకు విడిగా పాటలూ కట్టుకున్నారు. 1881 నాటి బడిపాటల పుస్తకంలో స్కాట్లండు బాణీలో వచ్చిన 'హోతారు నో హికారి', అంటే మిణుగురుల వెలుగు. దీపానికి నూనె లేక మిణుగురుల కాంతిలో, మంచు తెలుపులో చదువుకున్న చైనా పేదల కథ అందులో ఉంది. ఆ తర్వాత 1884లో గురువుల ఋణం తలుచుకునే 'అఓగెబా తోతోషి'. 1991లో సైతామా ప్రాంతంలో ఒక హెడ్మాస్టరు మాటలు రాస్తే సంగీతం టీచరు బాణీ కట్టిన 'తబిదాచి నో హి ని'. తమ బడి పిల్లల కోసం చేసుకున్న పాట, దేశమంతా పాకింది.

మన దగ్గర? మొదటి రోజుకైతే పలకలకు కొదవ లేదు. మార్కాపురం చుట్టూ నేల తవ్వితే పలకరాయి పొరలు పొరలుగా లేస్తుంది. ఎన్ని ఊళ్ల పిల్లలు ఆ రాతి మీద ఓనమాలు దిద్దారో. ఆ పలకలు తయారుచేసే చోట బడికి పోని పిల్లలు పనికి కూర్చున్న రోజులూ ఉన్నాయి. ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ రాయి ఇళ్ల గోడలకూ నేలకూ పోతోంది.

చేరే రోజుకు ఓనమాలు ఉన్నాయి గానీ, బడి వదిలే రోజుకు కంభంలోనో తర్లుపాడులోనో జనం అనే మాటలు మూడు. 'బడి మానేశాడు', 'బడి అయిపోయింది', 'టీసీ తీసుకున్నాడు'. మొదటిది పిల్లాడి మీద తప్పు మోపుతుంది. రెండోది సంత ముగిసినట్టు చెబుతుంది. మూడోది ఉత్త కాగితం. 'వీడ్కోలు' మైకు ముందు మాట. పిల్లలు 'ఫేర్‌వెల్' అంటారు, సినిమా పాటలకు ఆడతారు. దసరాకు విల్లంబులు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ పాడిన పాటలు ఉండేవి గానీ అవి ఐవారి కానుక కోసం.

'దిద్దు' ఒక్కటే రెండు గడపల దగ్గరా కనిపిస్తుంది. చేరినప్పుడు పిల్లాడు అక్షరాలు దిద్దుతాడు. వెళ్లేటప్పుడు వాడి పదో తరగతి పేపరును వాడి ముఖమైనా ఎరగని ఇంకో ఊరి పంతులు స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చుని దిద్దుతాడు, నోరు మెదపకుండా.