పేరులోనే పుట్టిల్లు

రసాయన శాస్త్రంలో పేర్లంటే నోరు తిరగని మంత్రాలని మా ఆర్ట్స్ వాళ్ళలో ఒక పేరుంది. ఆ పేర్ల చరిత్ర చదివితే మాత్రం అది అచ్చంగా మన ఆడవాళ్ళకి తెలిసిన వ్యవహారమే ననిపించింది నాకు.

పద్దెనిమిదో శతాబ్దపు యూరప్‌లో ‘ఆంటిమొనీ వెన్న’ అని ఒకటుండేది. పేరుకి వెన్నే గాని, ఒంటికి తగిలితే కాల్చేస్తుంది! ‘జింకు పువ్వులు’, ‘గంధకపు కార్జం’ కూడా ఉండేవి. లోపలేముందో ఏ పేరూ చెప్పదు. నేర్చుకునేవాళ్ళకి బట్టీయే గతి.

ఇలా కాదు, పేరే సంగతి చెప్పాలని 1782లో గీటన్ ద మోర్వో అనే ఫ్రెంచి న్యాయవాది పట్టుబట్టాడు. లావోయిజియే, బెర్తొలే, ఫూర్‌క్రువాలతో కలిసి 1787లో పారిస్‌లో కొత్త పద్ధతిని అచ్చువేయించాడు. గంధకపు ఆమ్లాల లవణాల్లో ఆక్సిజన్ ఎక్కువుంటే సల్ఫేట్, తక్కువుంటే సల్ఫైట్. చివర చిన్న తేడా, అందులోనే అంత లెక్కా!

మన పచారీ కొట్టుకే రండి. మైలతుత్తం నీలం, అన్నభేది లేతాకుపచ్చ, పాలతుత్తం తెలుపు. పేర్లు వింటే మూడింటికీ చుట్టరికం ఉందని తెలుస్తుందా? కాపర్ సల్ఫేట్, ఫెర్రస్ సల్ఫేట్, జింక్ సల్ఫేట్ అనండి, ఒకే ఇంటి ఆడపడుచులని ఇట్టే తెలిసిపోతుంది.

1794లో విప్లవకారులు లావోయిజియే తల తీశారు. ఆయన పెట్టిన పద్ధతిని మాత్రం ఎవరూ తీసెయ్యలేకపోయారు. మీ పిల్లలు సల్ఫేట్, సల్ఫైట్ అని వల్లిస్తుంటే విసుక్కోకండి. రంగులు వేరైనా పుట్టిల్లు ఒకటేనని ఆ పేర్లే చెబుతున్నాయి మరి!