అబలా సచ్చరిత్ర రత్నమాల

అబలా సచ్చరిత్ర రత్నమాల భండారు అచ్చమాంబ (1874 - 1905) రచించిన స్త్రీల చరిత్ర గ్రంథము. ఇది 1901లో వెలువడినది. తెలుగులో ఒక స్త్రీ వ్రాసిన మొదటి స్త్రీల చరిత్రగా దీనిని పేర్కొంటారు. స్త్రీ పురుషుల సమానత్వం గురించి తెలుగులో ఒక స్త్రీ స్వయంగా ఆధారాలు చూపి వాదించిన తొలి రచనలలో ఇది ముఖ్యమైనది.

రచయిత్రి

అచ్చమాంబ కృష్ణా జిల్లా నందిగామ తాలూకా పెనుగంచిప్రోలులో జన్మించినది. ఖమ్మం మీదుగా పారి వచ్చే మున్నేరు ఒడ్డున ఉన్న గ్రామమిది. ఆ కాలంలో ఇది మద్రాసు రాజధానిలో ఉండగా, ఎగువనున్న ఖమ్మం నిజాం రాజ్యంలో ఉండేది. తండ్రి కొమర్రాజు వెంకటప్పయ్య, తల్లి గంగమ్మ. చరిత్ర పరిశోధకుడు, తరువాత మునగాల సంస్థానానికి దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు ఈమె తమ్ముడు. చిన్న వయసులోనే ఈమెను మేనమామ భండారు మాధవరావుకిచ్చి వివాహం చేశారు. ఆయన ఉద్యోగరీత్యా మధ్య పరగణాలలో ఉండేవాడు. తమ్ముడు అక్క యింట ఉండి నాగపూరులో చదువుకొన్నాడు.

అచ్చమాంబ బడికి వెళ్ళి చదువుకొన్నది కాదు. తమ్ముడు చదువుకొంటున్నప్పుడు అతని పక్కన కూర్చుని తెలుగు, హిందీ నేర్చినది. పిమ్మట మరాఠీ, బెంగాలీ, గుజరాతీ భాషలలోను, కొంత సంస్కృతంలోను పరిచయం సంపాదించినది. ఈ బహుభాషా పరిచయమే గ్రంథానికి మూలధనం. ఇతర ప్రాంతాల స్త్రీల వృత్తాంతాలు తెలుగులో దొరకని రోజులలో ఆమె వాటిని ఇరుగు పొరుగు భాషల నుండి సేకరించగలిగినది. పుట్టిన ఇద్దరు పిల్లలూ మరణించిన దుఃఖంలో కూడా రచనను విడువలేదు.

గ్రంథ ప్రణాళిక

ఈ గ్రంథాన్ని మూడు భాగాలుగా వ్రాయాలని రచయిత్రి సంకల్పించినది. మొదటి భాగంలో భారతదేశ చరిత్రలోని స్త్రీలు, రెండవ భాగంలో వేద, పురాణ కాలాల స్త్రీలు, మూడవ భాగంలో ఇంగ్లాండు, అమెరికా మొదలైన విదేశాల స్త్రీలు రావలసి ఉన్నది. మొదటి భాగం వెలువడిన నాలుగేళ్ళకే ముప్పై ఏళ్ళ వయసులో ఆమె మరణించుటచే విదేశీ స్త్రీల భాగం రాలేదు. అమెరికా స్త్రీల గురించి ఆనాటి తెలుగు స్త్రీ ఒకరు ఏమి వ్రాసి ఉండేదో తెలిసే అవకాశం అంతటితో పోయినది. తెలుగు సాహిత్యానికి ఇది చిన్న నష్టం కాదు.

గ్రంథాన్ని ప్రోత్సహించి ప్రచురించినవారు కందుకూరి వీరేశలింగం.

పీఠికలోని వాదం

స్త్రీలు స్వభావం చేతనే బలహీనులు, బుద్ధిహీనులు, వివేకం లేనివారు అని కొందరు చేసే దూషణ అబద్ధమని నిరూపించుట తన మొదటి ఉద్దేశమని అచ్చమాంబ పీఠికలో చెప్పుకొన్నది. విద్య, స్వాతంత్ర్యం ఇస్తే స్త్రీలు చెడిపోతారనే వాదాన్ని ఖండించుట రెండవది. తోటి స్త్రీలకు చదువదగిన పుస్తకం సమకూర్చుట మూడవది.

ఇక్కడ ఒక భేదం గమనించవలెను. స్త్రీ విద్యను సమర్థించిన ఆనాటి సంస్కర్తలలో పలువురు చదువుకొన్న స్త్రీ మంచి భార్య, మంచి తల్లి కాగలదని వాదించారు. అచ్చమాంబ కూడా ఆ మాట కాదనలేదు. అయితే ఆమె దృష్టి స్త్రీ వలన ఇంటికి కలిగే ప్రయోజనం మీద కంటె స్త్రీకి గల శక్తి మీద ఎక్కువగా నిలిచినది. రాజ్యమేలిన, యుద్ధం చేసిన, శాస్త్రం నేర్చిన స్త్రీలను ఒక్కొక్కరినే సాక్షిగా నిలబెట్టి, ఇది వీరికి సాధ్యమైనప్పుడు స్వభావ దోషమెక్కడిదని ఆమె అడుగుతున్నట్లుంటుంది. పుస్తకం పేరులోనే అబల అనే మాట ఉండుటలోని వ్యంగ్యం లోపలి చరిత్రలు చదివినవారికి తెలియక మానదు.

గ్రంథంలోని చరిత్రలలో ఖనా కథ ప్రసిద్ధమైనది. జ్యోతిషంలో మామగారైన వరాహమిహిరుని మించిన కోడలిగా జనశ్రుతి ఆమెను చెప్పుకొంటుంది. ఆ ప్రతిభకు ప్రతిఫలంగా ఆమె నాలుక కోయబడినదని కథ. చరిత్రగా దీనికి ఆధారం బలహీనమే. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991లో ఇంగ్లీషులో వెలువడిన భారతీయ స్త్రీల రచనల సంకలనంలో ఈ భాగానికి అనువాదం చోటు చేసుకొన్నది.

అమెరికా రచనలతో పోలిక

అమెరికాలో లిడియా మరియా చైల్డ్ 1835లో వివిధ దేశాల స్త్రీల స్థితిగతుల చరిత్రను రెండు సంపుటాలుగా ప్రకటించినది. సారా గ్రిమ్కే 1838లో స్త్రీ పురుష సమానత్వంపై లేఖలను, మార్గరెట్ ఫుల్లర్ 1845లో పందొమ్మిదవ శతాబ్దపు స్త్రీపై గ్రంథాన్ని వెలువరించారు. గ్రిమ్కే బైబిలును ఆధారంగా తీసుకొని వాదించగా, ఫుల్లర్ పురాణ, చరిత్ర స్త్రీలను వరుసగా ఉదాహరించినది. అచ్చమాంబ పద్ధతి ఫుల్లర్ పద్ధతికి దగ్గరగా కనిపిస్తుంది. అయితే 1848 నాటి సెనెకా ఫాల్స్ సభ వలె ఓటు హక్కును కోరే రాజకీయ వేదిక ఆమె చుట్టూ లేదు. అక్షరం నేర్చుకొనే హక్కే ఇక్కడ మొదటి తగవు.

కథలు, సంఘసేవ

1898 - 1904 మధ్య అచ్చమాంబ పది పైచిలుకు కథలు వ్రాసినది. ఇవి తెలుగు జనానా, హిందూ సుందరి వంటి పత్రికలలో వచ్చాయి. హిందూ సుందరిలో 1902లో వచ్చిన ధనత్రయోదశి కథను గురజాడ అప్పారావు దిద్దుబాటు (1910) కంటె ముందరి తెలుగు కథగా పలువురు గుర్తిస్తున్నారు. అందులో పేదరికంలో తప్పుదారి పట్టబోయిన భర్తను నిలిపేది భార్యయే. దంపతుల ప్రథమ కలహము కథలో మాత్రం భార్య పట్టుదల పెద్దల హితవుతో సర్దుబాటులో ముగుస్తుంది. చరిత్ర వ్రాసేటప్పుడున్న తెగువ కాపురం కథ చెప్పేటప్పుడు కొంత తగ్గినదనుట నిజమే. స్త్రీవిద్య అనే కథ ఆలుమగల సంభాషణగా నడుస్తుంది.

1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించినది. తరువాత ఆంధ్ర ప్రాంతంలో పర్యటించి మరికొన్ని ఊళ్ళలో స్త్రీ సమాజాలు ఏర్పడుటకు తోడ్పడినది. ఆమె కథలను సంగిశెట్టి శ్రీనివాస్ సేకరించి పుస్తకంగా తెచ్చారు. జీవిత చరిత్రను కొండవీటి సత్యవతి వ్రాశారు.