ముప్పై నిండినోళ్ల ఫారం

"రెండు వారాల సంది ఏ పని మీదా మనసు పోతలేదా పెద్దమ్మా?"

పెద్దమ్మ పత్తి చెట్టు మీంచి తలెత్తలేదు. సీడ్ పత్తి చేలో సాయంత్రం పూట మొగ్గ ఒలవాలి. రేకులు, వాటితోపాటే కేసరాలు గోటితో గిల్లేసి, ఒలిచిన మొగ్గ ఏదో తెల్లారి కనబడేలా గుర్తు పెట్టుకోవాలి. పొద్దున్నే మగపువ్వు తెచ్చి దానికి రుద్దాలి. గద్వాల వైపున్న ఈ నడిగడ్డలో దీన్ని క్రాసింగ్ అంటారు. ఆ పని నడిచే నెలల్లో గట్టు మండలంలో ఏ గడపకు పోయినా తాళమే పలకరిస్తుంది. అందుకే ఫారాల కట్ట చంకన పెట్టుకుని ఆశమ్మ చేనికే వచ్చింది.

"పోనీ, దిగులుగా ఉంటుందా? ఏం చేసి ఏం లాభం అన్నట్టు?"

"రంది లేనిదెవరికి బిడ్డా?" పెద్దమ్మ ఇంకో మొగ్గ ఒలిచింది. "నీకు లేదా?"

ఆశమ్మ నవ్వేసింది. పెద్దమ్మ పేరు ఎదురుగా రెండు సున్నాలు వేసి పక్క సాలులోకి నడిచింది.

అది 2023 సెప్టెంబరు. ఆ ఫారాన్ని సీబ్యాక్ అంటారు. ముప్పై నిండిన మనిషికి తలా ఒకటి. బీడీ తాగుతారా, నడుము కొలత ఎంత, ఇంట్లో ఎవరికైనా షుగర్, బీపీ ఉన్నాయా, నోట్లో మానని పుండు ఉందా... ఇలా సాగి సాగి చివర్లో ఈ రెండు ప్రశ్నల దగ్గర ఆగుతుంది. ఒక్కోదానికి నాలుగు గళ్లు. అసలు లేదంటే సున్నా, కొన్ని రోజులంటే ఒకటి, సగం రోజుల కంటే ఎక్కువంటే రెండు, దాదాపు రోజూ అంటే మూడు. రెండూ కలిపి మూడు దాటితే ఆ మనిషిని సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు) దగ్గరికో, పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికో పంపాలి. పల్లెల్లో దిగులు పట్టుకోవడానికి సర్కారు వేసిన వల అది. వల మోసేది ఊరి ఆరోగ్య కార్యకర్త అయిన ఆశ.

ఆ రాత్రి ఇంట్లో దీపం కింద నలభై ఒక్క ఫారాలు సాపు చేసింది. మిగిలినవి తన ఇంటివే. అత్తది, భర్తది, చివరికి తనది. తనకు ముప్పై ఎనిమిది. పేరు రాసింది, వయసు రాసింది, టేపుతో నడుము కొలుచుకుని అదీ రాసింది. చివరి రెండు ప్రశ్నల దగ్గర పెన్ను ఆగింది. కాసేపు అలాగే కూర్చుని, రెండు సున్నాలు చుట్టి కట్టకు దారం కట్టేసింది.

ఆమె పేరు రాయడం లేదు. ఉంటే కదా రాయడానికి! ఈ ఆశమ్మ ఒక్క మనిషి కాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఆశల బతుకు ఎలా నడుస్తుందో చూసి అల్లుకున్న మనిషి. తేదీలు, డబ్బు లెక్కలు, ఫారాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

సున్నా కాదని ఆమెకు తెలుసు. ఎప్పటి నుంచి కాదో కూడా తెలుసు.

2020 మార్చి ఆఖర్లో బొంబాయి, పుణె వలస వెళ్లిన పాలమూరు కూలీలు దొరికిన బండి ఎక్కి, దొరకనివాళ్లు నడిచి ఊళ్లకు చేరుతున్నప్పుడు, ఏ ఇంటికి ఎవరు వచ్చారో రాసే పని ఆశ మీద పడింది. రాసిన ఇంటికి స్టిక్కరు. స్టిక్కరు అంటించినందుకు తిట్లు. పొద్దంతా తిరిగి దాహమై నిలబడితే చెంబు చేతికివ్వకుండా అరుగు మీద పెట్టి లోపలికి పోయినవాళ్లున్నారు. వాళ్ల కాన్పులకు ఆటో మాట్లాడింది ఈమే. ఏప్రిల్ నెలాఖరున కేంద్రం వేసిన రంగుల పట్టికలో గద్వాల ఆరెంజ్, వనపర్తి, నాగర్‌కర్నూల్ గ్రీన్. గ్రీన్ జిల్లాల్లో ఆశలకు నడక తక్కువేమీ కాలేదు. కోవిడ్ పనికి కేంద్రం నెలకు వెయ్యి రూపాయలిచ్చింది. చస్తే యాభై లక్షల బీమా ఉంది. "బతికుంటే వెయ్యి, సస్తే యాభై లచ్చలు" అని ఆమె భర్త ఒకసారి అన్నాడు. పరాచికానికే అన్నాడు.

ఇంటికి రాగానే పెరట్లోనే నీళ్లు పోసుకుని, చీర వేడినీళ్లలో వేసి, పిల్లలను దగ్గరికి రానివ్వకుండా వసారాలో పడుకునేది. 2021 మే వచ్చింది. మళ్లీ ఇల్లిల్లూ జ్వరం సర్వే. ఈసారి పారాసిటమాల్, విటమిన్ గోలీల సంచి కూడా భుజానికెక్కింది.

వీటిలో ఏదీ ఆమెను కూలదొయ్యలేదు. కూలదోసింది ఒక తక్కెడ.

దవాఖానలో కాన్పయి ఇల్లు చేరిన పసికందును ఆశ ఆరుసార్లు చూడాలి. మూడో రోజు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండు. సంచిలో ధర్మామీటరు, గడియారం, బట్ట ఉయ్యాలలా వేలాడే తక్కెడ. ఆ ఏడు వానలప్పుడు ఒక పాప. మూడో రోజు తూకం తక్కువ. ఏడో రోజుకు ఇంకాస్త తగ్గింది. పాలు పట్టే తీరు చూపించింది, పాపను తల్లి రొమ్ముకు ఆనించి కట్టించింది, గద్వాల తీసుకుపొమ్మని చెప్పింది. మొగ్గ ఒలిచే రోజులు. "రెండు రోజులాగి పోతం" అన్నారు. పద్నాలుగో రోజు తక్కెడ తీసుకుని గుమ్మంలోకి వెళ్లేసరికి లోపల ఉయ్యాల చీర విప్పేసి ఉంది.

తండ్రి అరవలేదు. "మల్ల తూకమెయ్యనీకి వచ్చినవా?" అన్నాడు, అంతే.

శిశు మరణానికీ ఫారం ఉంటుంది. దానికీ ఆమే జవాబులు చెప్పింది. ఎన్నిసార్లు చూశావు, ఏ రోజు చూశావు, రిఫర్ చేశావా లేదా. అడిగినవన్నీ చెప్పింది. ఇంటికి వచ్చాక అన్నం తిన్నావా అని ఫారం అడగదు. మనుషులూ అడగలేదు. తర్వాతి పాప ఇంటికి వెళ్లినప్పుడు తక్కెడ కొక్కేనికి బట్ట తగిలిస్తుంటే వేళ్లు వణికాయి. ఆ తర్వాత వణకడం కూడా మానేశాయి. తూకం వేస్తోంది, రాస్తోంది, పాప ముఖం చూడటం లేదు. అది తన కంట తనకే పడినప్పుడు ఆమెకు భయమేసింది.

ఇలా ఉడిగిపోవడాన్ని ఇంగ్లిషులో బర్న్ అవుట్ అంటారు. 1974లో దీని గురించి రాసిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు న్యూయార్క్‌లో ఒక ఉచిత క్లినిక్‌లో పనిచేసేవాడు. అక్కడి వలంటీర్లే, ఇష్టపడి వచ్చినవాళ్లే, కొన్నాళ్లకు నూనె అయిపోయిన దీపాల్లా అవడం గమనించాడు. మన కాగితాల్లో ఆశ కూడా వలంటీరే. ఆమెకు జీతం ఉండదు, పారితోషికం ఉంటుంది. పని మాత్రం ఉద్యోగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఈ బర్న్ అవుట్‌కు మూడు గుర్తులు చెప్పింది. ఒంట్లో శక్తి ఇంకిపోవడం, పని మీద మనసు విరగడం, చేసినా చేసినట్టు అనిపించకపోవడం. ఇది జబ్బు కాదు, పని వల్ల వచ్చే స్థితి అని కూడా చెప్పింది. పాలమూరులో దీనికి ఎప్పటి నుంచో మాట ఉంది: యాష్ట. పని దగ్గర యాష్ట పుడుతుంది. అది ఇంటికి కూడా వచ్చి, పండగ పూట కూడా పోకుండా కూర్చుంటే రంది. డాక్టర్లు డిప్రెషన్ అనేది ఈ రెండో దాన్ని. యాష్టకు సెలవు, జీతం, తోడు మందు. రందికి దవాఖాన కూడా కావాలి. ఈ తేడా తెలియకనే చాలామంది ఏళ్ల తరబడి "జర అలసిపోయిన" అంటూ గడిపేస్తారు.

ఆశమ్మ పిన్ని కూతురు అమ్రాబాద్ వైపు ఆశ. ఫోన్ కలిసిన రోజు గంటసేపు మాట్లాడుకునేవాళ్లు. కలవకపోతే చెల్లెలు చెంచు పెంటలకు వెళ్లిందని అర్థం. అప్పాపూర్ లాంటి పెంటకు పోవాలంటే పులుల అడవి దాటాలి. "అడవిల భయం కాదక్కా," అందోసారి చెల్లెలు. "ఇంటికొచ్చినంక ఎవరితోని మాట్లాడబుద్ధి అయితలేదు, గదీ భయం." అక్క ఊఁ కొట్టింది. తనకూ అంతేనని చెప్పలేదు. 2022 మేలో ఆశలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చిన వార్త వాట్సాప్‌లో వచ్చినప్పుడు మాత్రం ఇద్దరూ పగలబడి నవ్వారు. లీడర్స్ అన్న మాటకు.

పీహెచ్‌సీ గోడ మీద ఒక నంబరుంది. 14416, టెలీ మానస్. 2022 అక్టోబరు 10న మొదలైంది. దిగులుగా ఉంటే ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఆ పోస్టరు అంటించింది ఈమే. మైదా పిండితో, నాలుగు మూలలూ ఒత్తి మరీ.

2023 సెప్టెంబరు 25న రాష్ట్రమంతటా ఆశలు సమ్మెకు దిగారు. అప్పటికి పారితోషికం 9,750 రూపాయలు. 2022 జనవరిలో 7,500 నుంచి పెరిగింది. వాళ్లు అడిగింది 18 వేల ఫిక్స్‌డ్ వేతనం. 2015లో 106 రోజులు రోడ్డు మీద కూర్చున్న అనుభవం ఉంది కాబట్టి ఈసారి చాపలు, మంచినీళ్ల క్యాన్లు ముందే తెచ్చుకున్నారు. గద్వాల టెంటు కింద మూడో రోజు మధ్యాహ్నం ఆశమ్మ మైకు మోత మధ్య నిద్రపోయింది. ఎన్నాళ్లకో పట్టిన నిద్ర. సాయంత్రం నాలుగుకు లేచి, "నన్నెందుకు లేపలే?" అని పక్కామెను కోప్పడింది.

నినాదాలు అయిపోయాక పొద్దుపోక ఎవరో సీబ్యాక్ ఫారం తీశారు. "ఊరందరినీ అడుగుతమి, మనం మనల్ని అడుగుదాం పా." గుండ్రంగా కూర్చున్నారు. పరీక్ష మార్కులు చెప్పుకున్నట్టు చెప్పుకున్నారు. నాకు రెండు. నాకు మూడు, పాసయిన. నాకు నాలుగు, నన్ను రిఫర్ చేయండి. ఒకటే నవ్వులు.

"నాకు ఆరు," అంది ఆశమ్మ.

నవ్వు అక్కడక్కడా కొంచెంసేపు మిగిలి ఆగిపోయింది. ఆరు కంటే పై అంకె ఆ ఫారంలో లేదు. అక్కడున్న అందరికీ ఆ సంగతి తెలుసు.

అయిజ నుంచి వచ్చిన పెద్ద వయసు ఆశ ఒకామె లేచి, ఏమీ అనకుండా వచ్చి పక్కన కూర్చుంది. "ఎన్ని దినాల సంది?" అంది. ఆశమ్మ దినాలు చెప్పలేదు, తక్కెడ సంగతి చెప్పింది.

ఆ వారంలోనే ఇద్దరూ వనపర్తి బస్సెక్కారు. గద్వాలకు మెడికల్ కాలేజీ అప్పటికి రాలేదు, 2024లో వచ్చింది. వనపర్తి, నాగర్‌కర్నూల్ కాలేజీలు 2022 నవంబరు 15న ఒకే రోజు మొదలైన ఎనిమిదింటిలోవి. కాలేజీ ఉన్నచోట మనసు డాక్టరు కూడా ఉంటాడన్నది పెద్దామె లెక్క. గద్వాల అయితే ఎవరైనా చూస్తారని ఆశమ్మ భయం. ఊరందరి రోగాలూ బయటపెట్టించే మనిషి తన రోగం దాచుకోవడానికి కృష్ణా నది దాటింది.

ఓపీ చీటీ రాయించుకుని బల్ల మీద కూర్చున్నారు. వంతు వచ్చింది. కుర్ర డాక్టరు. చీటీ చూసి, చదివినట్టుగా అడిగాడు: "గత రెండు వారాలుగా దైనందిన కార్యకలాపాలపై ఆసక్తి గానీ, ఆనందం గానీ తగ్గినట్లు అనిపిస్తోందా?"

పెద్దామె కొంగు అడ్డం పెట్టుకుంది. ఆశమ్మకు కూడా పెదవి చివర చిన్నగా నవ్వు వచ్చింది, చాలా రోజుల తర్వాత.

"ఇట్ల అడిగితే మా దిక్కు ఎవరూ చెప్పరు సార్. 'రంది పెట్టుకున్నవా' అని అడగాలె."

డాక్టరు పెన్ను తీసి ఆ మాట చీటీ వెనక రాసుకున్నాడు. రాసుకుని, పెన్ను పక్కన పెట్టి, "రంది పెట్టుకున్నవా అమ్మా?" అన్నాడు.

ఆమె చంకన ఫారాల కట్ట లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల అంచు పట్టుకుంది. బయట వంతులో ఉన్నవాళ్లు తలుపు తోసి చూస్తుంటే పెద్దామె వెళ్లి దగ్గరగా వేసి వచ్చింది.