సర్క్యూట్ సిమ్యులేషన్‌లో వోల్టేజ్ సోర్స్

సర్క్యూట్‌ను బోర్డు మీద కట్టకముందే కంప్యూటర్‌లో లెక్కగట్టి చూసేటప్పుడు బ్యాటరీకి, మెయిన్స్‌కు, సిగ్నల్ జనరేటర్‌కు బదులుగా వాడే గణిత రూపం వోల్టేజ్ సోర్స్. ఎంత కరెంటు లాగినా వోల్టేజ్ మారకపోతే అది ఆదర్శ సోర్స్. నిజమైన సోర్స్‌ను ఆదర్శ సోర్స్‌గా, దానికి వరుసలో ఉన్న ఒక నిరోధంగా చూడవచ్చని 1853లో హెల్మ్‌హోల్ట్జ్, 1883లో తెవెనిన్ విడివిడిగా చూపారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఈ లెక్కలు ఎక్కువగా కాగితం మీదే సాగాయి.

స్పైస్ అనే సిమ్యులేషన్ ప్రోగ్రాము చరిత్ర బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మొదలవుతుంది. రాన్ రోరర్ తరగతి నుంచి పుట్టిన క్యాన్సర్ అనే ప్రోగ్రామును ఆయన విద్యార్థి లారీ నేగెల్, డొనాల్డ్ పెడర్సన్ మార్గదర్శకత్వంలో స్పైస్‌గా తీర్చిదిద్దాడు. 1973 ఏప్రిల్‌లో కెనడాలోని వాటర్లూలో జరిగిన సదస్సులో దాన్ని లోకానికి చూపారు. పెడర్సన్ దాన్ని అందరికీ అందుబాటులో ఉంచడం ఈ రంగానికి జరిగిన గొప్ప మేలు.

మొదటి స్పైస్ నోడ్ (భాగాలు కలిసే బిందువు) పద్ధతి మీద నడిచింది. అందులో ప్రతి భాగం తన కరెంటును వోల్టేజ్‌ను బట్టి చెప్పగలగాలి. ఆదర్శ సోర్స్ ఆ మాట చెప్పజాలదు, దాని కరెంటును తక్కిన సర్క్యూట్ నిర్ణయిస్తుంది. అందుకే రెండు నోడ్‌ల మధ్య, గ్రౌండ్‌కు కలవకుండా తేలియాడే సోర్స్ పెద్ద చిక్కయింది. 1975లో చుంగ్-వెన్ హో, ఆల్బర్ట్ రూలీ, పియర్స్ బ్రెన్నన్ చక్కని దారి చూపారు: సోర్స్ కరెంటునే మరో తెలియని రాశిగా చేర్చి, దాని వోల్టేజ్‌ను అదనపు సమీకరణంగా రాయడం. అదే ఏడాది వచ్చిన స్పైస్2 ఈ పద్ధతినే చేపట్టింది. 10 వోల్టుల సోర్స్‌కు 1 కిలో ఓమ్ నిరోధం కలిపితే సోర్స్ కరెంటు మైనస్ 10 మిల్లీ ఆంపియర్లని వస్తుంది. పాజిటివ్ కొస నుంచి సోర్స్ లోపలికి పారేదాన్నే ధన దిశగా తీసుకోవడం ఇందుకు కారణం. కరెంటు నేరుగా దొరుకుతుంది కనుక సున్నా వోల్టుల సోర్స్‌ను అమ్మీటర్‌గా పెట్టుకోవడం వాడుకైంది. అయితే రెండు ఆదర్శ సోర్స్‌లను సమాంతరంగా కలిపితే సమీకరణాల మాత్రిక పరిష్కారం కాదు. ఒకదానికి వరుసలో చిన్న నిరోధం జోడించక తప్పదు.

1984లో పీస్పైస్ ఈ పనిని పర్సనల్ కంప్యూటర్ మీదికి తెచ్చింది. తర్వాత ఎల్‌టీస్పైస్, ఎన్‌జీస్పైస్ వచ్చాయి. ముంబై ఐఐటీ ఫోసీ బృందం ఎన్‌జీస్పైస్ ఆధారంగా ఈసిమ్‌ను ఉచితంగా అందిస్తోంది.

హైదరాబాద్ ఉత్తర శివార్లలో, మేడ్చల్ దారిలోని కండ్లకోయ ఇంజనీరింగ్ కళాశాలల్లోనూ, 2008లో శామీర్‌పేట మండలం జవహర్‌నగర్‌లో మొదలైన బిట్స్ ప్రాంగణంలోనూ ఎలక్ట్రానిక్స్ చదివేవారికి ఇవి పరిచితమైన పనిముట్లు. జేఎన్‌టీయూ ఎలక్ట్రికల్ పాఠ్యప్రణాళిక పవర్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌కు సిమ్యులేషన్‌ను జతచేసి, సింగిల్ ఫేజ్ కన్వర్టర్‌ను పీస్పైస్‌లో చేయించింది. అక్కడ ఇంటి మెయిన్స్‌ను సైన్ సోర్స్‌గా రాసేటప్పుడు 50 హెర్ట్జ్‌లతో పాటు వోల్టేజ్‌గా 230 కాదు, 325 వేయాలి. ప్రోగ్రాము అడిగేది గరిష్ఠ వోల్టేజ్, మీటరు చూపే ఆర్‌ఎంఎస్ విలువ కాదు. 230 వేస్తే రెక్టిఫయర్ అవుట్‌పుట్ దాదాపు 29 శాతం తక్కువ వస్తుంది.