మగ్గం గుంట నుంచి బడి గడప దాకా

బిడ్డల పెంపకమనగానే తల్లి పేరే ముందుగా వినవస్తుంది. చేనేత కుటుంబాల చరిత్రను పరిశీలిస్తే తండ్రి పాత్ర కూడ ఎంతటిదో బోధపడుతుంది. కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి షోలాపూరుకు తరలివచ్చిన పద్మశాలీలలో మగ్గాన్ని నమ్ముకొన్న వారికి ఇల్లే కార్యశాల, తండ్రే తొలి గురువు. కండెలు చుట్టడం, తెగిన పోగు అతకడం, పడుగు బిగువు గ్రహించడం కుమారుడు తండ్రి చెంతనే అభ్యసించేవాడు. ఆ శిక్షణలో వాత్సల్యముండేది; ఆ పసిచేతుల పనిలో ఇంటి జీవిక కూడ ఉండేది.

1877లో షోలాపూరులో తొలి నూలు మిల్లు వెలసిన పిమ్మట తండ్రులలో పలువురు ఇల్లు వీడి యంత్రాల ముందు నిలిచారు. 1922 నాటి ఫ్యాక్టరీల చట్ట సవరణ పెద్దల పనిని రోజుకు 11, వారానికి 60 గంటలకు పరిమితం చేసింది. 12 ఏండ్ల లోపు పిల్లలను చేర్చుకోరాదన్నది. 1948 చట్టం వారానికి 48 గంటలే పనివేళగా నిర్ణయించి, పిల్లల కనీస వయస్సును 14 ఏండ్లకు పెంచింది. తండ్రికి బిడ్డతో గడిపే వేళ కొంత దక్కింది.

కాని ఆ చట్టాలు మిల్లు ద్వారం వద్దనే ఆగిపోయాయి. ఇంటి మగ్గం వాటి పరిధిలోనికి రాలేదు. 1986 నాటి బాలకార్మిక చట్టం సైతం కుటుంబ సభ్యులతో నడిచే పనిశాలలను మినహాయించింది. కనుక ఇంటి మగ్గం వద్దనున్న పిల్లవానిని లేపి బడికి పంపే నిర్ణయం ఇంటి పెద్దదే. అలా పంపితే కండెలు చుట్టే చేతులు తగ్గుతాయి, రాబడి తగ్గుతుంది. తల్లి చెంత బీడీలు చుట్టే కుమార్తె విషయంలో ఈ నిర్ణయం మరింత కష్టమైనది.

2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ 6 నుంచి 14 ఏండ్ల బిడ్డకు విద్యావకాశం కల్పించడం తల్లిదండ్రుల ప్రాథమిక విధి అన్నది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చింది. అయినా 2016 నాటి సవరణ, అపాయకరం కాని కుటుంబ వృత్తిలో బడివేళల అనంతరం పిల్లలు సాయపడవచ్చునన్నది. కావున బిడ్డ సాయంకాలం పుస్తకానికా, పనికా అన్న ప్రశ్న నేటికీ తల్లిదండ్రుల ముందే నిలిచి ఉన్నది.

తాను నేర్పగలిగిన విద్యను పక్కనుంచి, తనకు రాని విద్య కొరకు బిడ్డను అప్పగించడం పితృధర్మంలో కఠినమైన ఘట్టం. అమృతోత్సవ వేళ మన పాఠశాల దాతలను, గురువులను స్మరించుకొంటున్నది. ప్రవేశ పట్టికలో బిడ్డల పేర్ల పక్కన నిలిచిన ఆ తండ్రుల పేర్లు కూడ మన స్మరణకు అర్హమైనవే.